తట్టే ముందు ఏం జరుగుతుంది?

‘రాత్రంతా ఆలోచించాను, ఏమీ తేలలేదు. పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది.’ ఇలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు అనని మనిషి ఉండడు. ఆ మాటల్లోనే ఒక తేడా ఉంది. ఆలోచించడం మనం చేసే పని. తట్టడం మనకు జరిగే సంగతి. మొదటిదానికి కర్త ఉన్నాడు, రెండోదానికి లేడు. తోచింది, స్ఫురించింది, మెరిసింది, బుర్రలో బల్బు వెలిగింది... కొత్త ఊహ గురించి తెలుగులో చెప్పుకునే మాటలన్నీ ఈ తీరులోనే ఉంటాయి. ఎవరో బయట నిలబడి తలుపు తట్టినట్టు, లోపల కూర్చున్న మనం ఆ చప్పుడు విన్నట్టు.

అందుకే కాబోలు సృజన గురించి రెండు నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. అది పుట్టుకతో రావాల్సిన వరమనీ, లేనివాళ్లు ఎంత గింజుకున్నా లాభం లేదనీ ఒకటి. అది చెప్పాపెట్టకుండా వచ్చే అతిథి కనుక వచ్చేదాకా ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదని ఇంకొకటి. వీటిలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆలోచన తట్టిన క్షణాన్ని కాసేపు పక్కన పెట్టి, దాని ముందు రోజుల్లోకి, ముందు ఏళ్లలోకి వెళ్లి చూస్తే దాదాపు ప్రతిచోటా ఒకటే కనిపిస్తుంది. అది వదలని ప్రశ్న. భోజనం దగ్గరా, నడకలోనూ, పక్కమీదా వెంట తిరిగే ప్రశ్న. అది లేని మనిషి చుట్టూ ఎన్ని సూచనలు కదిలినా ఏమీ వినిపించదు. అది ఉన్న మనిషికి ఊగే తాడు కూడా జవాబు చెబుతుంది. కొత్త ఊహను పిలవాలంటే ముందుగా చేయాల్సిన పని ఆ ప్రశ్నను తెచ్చి ఇంట్లో పెట్టుకోవడమే.

బస్సు మెట్టు మీద కాలు

ఈ విషయంలో అందరికంటే వివరంగా సాక్ష్యం చెప్పినవాడు ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఆన్రీ పాంకరే. 1908లో పారిస్‌లో మనస్తత్వ శాస్త్రజ్ఞుల ముందు మాట్లాడుతూ, యవ్వనంలో తాను కనిపెట్టిన కొన్ని గణిత ప్రమేయాలు (ఫంక్షన్లు) తనకు ఎలా తట్టాయో పూసగుచ్చినట్టు చెప్పాడు.

అలాంటి ప్రమేయాలు ఉండటానికి వీల్లేదని నిరూపించాలని 15 రోజులు కష్టపడ్డాడు. రోజూ బల్ల ముందు గంటో రెండు గంటలో కూర్చునేవాడు. ఎన్నో కలయికలు ప్రయత్నించేవాడు. ఏదీ తెగేది కాదు. ఒక సాయంత్రం అలవాటు లేని బ్లాక్ కాఫీ తాగాడు, ఇక నిద్ర పట్టలేదు. ఊహలు గుంపులుగా లేచి ఒకదాన్నొకటి ఢీకొని, చివరికి రెండేసి చొప్పున అతుక్కుంటున్నట్టు అనిపించిందట. తెల్లవారేసరికి ఆ ప్రమేయాలు ఉన్నాయని తేలిపోయింది. ఏది లేదని రుజువు చేయాలని కూర్చున్నాడో అదే చేతికి దొరికింది. ఫలితాన్ని కాగితం మీద పెట్టడానికి కొన్ని గంటలు చాలాయి.

ఆ తర్వాత తాను ఉంటున్న కాన్ పట్టణం నుంచి ఒక భూగర్భ శాస్త్ర యాత్రకు వెళ్లాడు. ప్రయాణం హడావుడిలో లెక్కల సంగతే మరిచిపోయాడు. కూటాన్స్ అనే ఊళ్లో ఎక్కడికో వెళ్లడానికి గుర్రపు బస్సు ఎక్కుతూ మెట్టు మీద కాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడు, ఆ ప్రమేయాలను నిర్వచించడానికి తాను వాడిన రూపాంతరాలూ యూక్లిడేతర జ్యామితిలోని (యూక్లిడ్ నియమాలకు లోబడని జ్యామితిలోని) రూపాంతరాలూ ఒకటేనని తోచింది. అంతకుముందు క్షణం దాకా మనసులో నడుస్తున్న ఆలోచనలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. సరిచూసుకునే తీరికా లేదు. సీట్లో కూర్చుని, మధ్యలో ఆగిన కబుర్లు మళ్లీ అందుకున్నాడు. కానీ అది నిజమని ఆ క్షణంలోనే నూటికి నూరుపాళ్లు నమ్మకం కలిగింది.

ఈ కథ విన్న చాలామందికి బస్సు మెట్టే గుర్తుండిపోతుంది. దాని వెనక ఉన్న 15 రోజులు గుర్తుండవు. అంతకంటే తేలిగ్గా మరుగునపడే సంగతి ఇంకొకటుంది. యూక్లిడేతర జ్యామితి అప్పటికే ఆయన బుర్రలో ఉంది. అదే బస్సు మెట్టు మీద ఆ రోజు ఇంకా ఎంతమందో కాలు పెట్టి ఉంటారు. కలవాల్సిన రెండు సంగతులూ ముందే లోపల ఉన్న మనిషికి మాత్రమే అవి కలిశాయి.

పాంకరే దీనికి తానే ఒక పోలిక చెప్పాడు. మన ఊహలు కొక్కేలున్న అణువుల్లాంటివి అనుకోండి, మామూలుగా అవి గోడకు తగిలించినట్టు కదలకుండా ఉంటాయి అన్నాడు. ఒక సమస్య మీద కూర్చుని గట్టిగా శ్రమపడినప్పుడు, దానికి పనికొస్తాయని అనిపించిన కొన్నింటిని గోడ మీంచి ఊడదీసి గాల్లోకి వదులుతాం. ఫలితం రాలేదని విసిగి లేచిపోతాం. కానీ అవి మళ్లీ గోడకు చేరవు. మనం వేరే పనిలో ఉండగా కూడా తిరుగుతూనే ఉంటాయి, గుద్దుకుంటూనే ఉంటాయి. ఎక్కడో ఒకచోట రెండు కొక్కేలు పట్టుకుంటాయి. వృథా అయిందనుకున్న శ్రమ నిజానికి వాటిని కదిలించిన శ్రమ. ఈ పోలిక శాస్త్రీయంగా ఎంతవరకు నిలుస్తుందన్నది పక్కన పెడితే, ఒక సంగతి మాత్రం ఇందులో చాలా స్పష్టంగా ఉంది. గోడ మీంచి ఊడదీసే పని ఎవరికి వాళ్లు చేసుకోవాల్సిందే.

ఆంగ్ల రచయిత గ్రాహం వాలస్ 1926లో ఈ క్రమాన్ని నాలుగు దశలుగా విడదీశాడు: సన్నాహం, పొదగడం, మెరుపు, పరీక్ష. చాలా పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ దీన్నే చెబుతాయి. జీవితంలో మాత్రం ఈ నాలుగూ అంత వరసగా రావు. పరీక్షలో తప్పిపోయిన ఊహే మళ్లీ సన్నాహం అవుతుంది. ఒక ప్రశ్న పొదుగుతుండగా ఇంకో ప్రశ్నకు మెరుపు వస్తుంది.

పాత సరుకు, కొత్త ముడి

శూన్యం నుంచి పుట్టిన ఆలోచన ఎక్కడా కనబడదు. కొత్తదంతా పాతవాటి మధ్య పడిన ముడే. ప్రకృతి వరణ సిద్ధాంతం కథ చూస్తే ఇది తెలుస్తుంది.

చార్లెస్ డార్విన్ 1831 నుంచి 1836 దాకా ఓడలో ప్రపంచం చుట్టి వచ్చాడు. పక్షులు, శిలాజాలు, మొక్కలు పోగుచేసుకొచ్చాడు. జాతులు ఎలా మారతాయన్న ప్రశ్న కోసం ప్రత్యేకంగా 1837లో ఒక నోట్‌బుక్ తెరిచాడు. పెంపుడు జంతువుల జాతులు మెరుగుపరిచేవాళ్లను అడిగి తెలుసుకున్నాడు. మనుషులు తమకు నచ్చిన లక్షణాలున్న జంతువులను ఎంచుకుని జాతిని మారుస్తారని తెలిసింది. అడవిలో ఆ ఎంపిక ఎవరు చేస్తారన్నది తెగలేదు. 1838 శరదృతువులో ఆర్థికవేత్త మాల్థస్ రాసిన జనాభా సిద్ధాంతం చదివాడు. మనుషుల సంఖ్య తిండి కంటే వేగంగా పెరుగుతుందని, అందుకే పెనుగులాట తప్పదని చెప్పే పుస్తకం అది. ఆ పెనుగులాటే ఎంపిక చేస్తుందని డార్విన్‌కు వెలిగింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1858లో, ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలస్ ఆగ్నేయాసియా దీవుల్లో జ్వరంతో పడుకుని ఉన్నాడు. ఆయన కూడా అమెజాన్ అడవుల్లో, తర్వాత ఆ దీవుల్లో ఏళ్ల తరబడి జంతువులను, కీటకాలను సేకరించినవాడే. ఆయన్ను వేధిస్తున్నదీ అదే ప్రశ్న. జ్వరం మధ్యలో ఎప్పుడో చదివిన మాల్థస్ గుర్తొచ్చాడు. అదే సిద్ధాంతం తట్టింది. రాసి డార్విన్‌కే పంపాడు.

ఒకే ఆలోచన ఇద్దరికి, ఇద్దరికీ ఒకే పుస్తకం మీదుగా. మాల్థస్ పుస్తకం మొదట 1798లో వచ్చింది, బాగా పేరున్న పుస్తకం. దాన్ని ఎంతోమంది చదివారు. ఆర్థిక శాస్త్రం వెతికినవాళ్లకు అందులో ఆర్థిక శాస్త్రం దొరికింది, రాజకీయం వెతికినవాళ్లకు రాజకీయం దొరికింది. జంతుజాతుల ప్రశ్న మోసుకుంటూ వచ్చిన ఈ ఇద్దరికీ అందులో జంతుజాతుల జవాబు దొరికింది. అది ప్రకృతి శాస్త్ర గ్రంథం కానే కాదన్నది గమనించాలి. తమ విషయం మీద ఉన్న పుస్తకాలే చదువుతూ కూర్చుంటే ఆ ముడి పడేది కాదేమో. లోతుగా ఒక చోట తవ్వుతూ, అప్పుడప్పుడు పక్క పొలంలోకి తొంగిచూసే అలవాటు ఎందుకు మంచిదో ఇంతకంటే గట్టి ఉదాహరణ అక్కర్లేదు.

మన ఆలంకారికులు ఈ చర్చ చాలా ముందే చేశారు. కావ్యం పుట్టడానికి కారణాలు మూడని దండి చెప్పాడు: సహజంగా వచ్చే ప్రతిభ, నిర్మలమైన విస్తారమైన పాండిత్యం, విసుగులేని పట్టుదల. ఆ వెంటనే వచ్చే శ్లోకం ఇంకా విలువైనది. పుట్టుకతో వచ్చే ఆ అద్భుత ప్రతిభ లేకపోయినా, చదువుతోనూ ప్రయత్నంతోనూ కొలిస్తే వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహం తప్పక చూపిస్తుందని అందులో అంటాడు. వరం అనుకున్నదాన్ని అంత పాతకాలంలోనే సాధన వైపు తిప్పిన మాట ఇది. కొత్తగా ఏదైనా చేయాలని తపించేవాళ్లకు ఇంతకంటే దయగల మాట దొరకదు.

కంటికి కనబడని సాయం

1931లో నార్మన్ మయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. ఒక గది. పైకప్పు నుంచి రెండు తాళ్లు వేలాడుతున్నాయి. రెండు కొసలూ కలిపి ముడివేయాలి. ఒక తాడు పట్టుకుని రెండోదాని వైపు నడిస్తే అందదు, దూరం ఎక్కువ. గదిలో కటింగ్ ప్లేయర్, కర్రలు, వైర్లు లాంటివి ఉన్నాయి, ఏదైనా వాడుకోవచ్చు. కర్రతో లాగడం, తాడుకు వైరు కట్టి పొడుగు చేయడం లాంటి దారులు చాలామందికి త్వరగానే తట్టేవి. మయర్ కోరుకున్న దారి వేరు. ఒక తాడు చివర బరువైన వస్తువు, అంటే కటింగ్ ప్లేయర్ లాంటిది, కట్టి లోలకంలా ఊపాలి. రెండో తాడు పట్టుకుని మధ్యలో నిలబడి, ఊగుతూ దగ్గరికొచ్చినప్పుడు మొదటిదాన్ని అందుకోవాలి.

ఇది తట్టక ఆగిపోయినవాళ్ల విషయంలో మయర్ ఒక చిన్న పని చేశాడు. ఏదో పనిమీద వెళుతున్నట్టు కిటికీ వైపు నడుస్తూ, దారిలో ఉన్న తాడును ఒంటితో తగిలించి కాస్త ఊగేలా చేశాడు. అంతే. చాలామందికి నిమిషంలోపే జవాబు తట్టింది.

ఎలా తట్టిందని అడిగితే వాళ్లిచ్చిన సమాధానాలే ఈ ప్రయోగంలో అసలు విశేషం. ఊగిన తాడు గురించి చెప్పినవాళ్లు చాలా కొద్దిమంది. ఊరికే తోచిందన్నారు, మిగిలిన దారి అదొక్కటే కదా అన్నారు. పాల్గొన్నవాళ్లలో ఉన్న ఒక మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడికైతే, కోతులు చెట్ల మీంచి ఊగుతూ ఏరు దాటుతున్న దృశ్యం కళ్లముందు కనిపించి, దానితోపాటే జవాబు వచ్చిందట. వాళ్లెవరూ అబద్ధమాడలేదు. కళ్లు చూశాయి, బుర్ర వాడుకుంది. ఎక్కడి నుంచి తీసుకుందన్న చిరునామా మాత్రం మనసు గుర్తుపెట్టుకోలేదు.

కొత్త ఊహలు బయటి నుంచి ఎవరో ఇచ్చినట్టు అనిపించడానికి బహుశా ఇదే కారణం. మూలం కనబడకపోతే మూలమే లేదనిపిస్తుంది. కొందరు దాన్ని దైవం అంటారు, కొందరు అదృష్టం అంటారు. ఈ ప్రయోగం వల్ల ఇంకొకటి కూడా తెలుస్తుంది. తాడు ఊగడం ఆ గదిలోకి అప్పుడే వచ్చినవాడికి ఏమీ చెప్పదు. కొన్ని నిమిషాలుగా ఆ రెండు తాళ్లతో కుస్తీపడి విసిగిపోయినవాడికే అది జవాబు అయింది. మన చుట్టూ రోజూ ఎన్ని తాళ్లు ఊగుతున్నాయో లెక్కలేదు.

అందుకే గొప్పవాళ్లు తమ స్ఫురణ గురించి చెప్పుకున్న కథలను కొంచెం ఆచితూచి తీసుకోవాలి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకూలే బెంజీన్ వలయాకార నిర్మాణాన్ని 1865లో ప్రకటించాడు. తన తోకను తానే కరుచుకున్న పాము కునుకులో కనిపించిందన్న కథను 1890లో, ఒక ఉత్సవ సభలో చెప్పాడు. ఆర్కిమెడిస్ స్నానాల తొట్టి కథను మనకు చెప్పిన రోమన్ రచయిత విట్రూవియస్ ఆర్కిమెడిస్ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలకు రాసినవాడు. కథలు అందంగా ఉంటాయి కనుక నిలుస్తాయి. వాటి వెనకున్న పని అంత అందంగా ఉండదు.

ఎప్పుడు లేచిపోవాలి

సమస్య మీద కూర్చోవడం ఎంత ముఖ్యమో, దాన్ని వదిలి లేవడమూ అంతే ముఖ్యం. ఎందుకంటే బుర్ర ఒక దారిలో పడితే అదే దారిలో తిరుగుతుంది. దీన్ని చూపించే ప్రయోగం ఒకటి 1991లో ప్రచురించారు. ఒలికిపోని కాఫీ కప్పు డిజైన్ చేయమని ఇంజినీరింగ్ విద్యార్థులకు చెప్పారు. కొందరికి నమూనాగా ఒక బొమ్మ చూపించారు, అందులో స్ట్రా ఉంది. మీ డిజైన్లో స్ట్రా పెట్టకూడదని స్పష్టంగా చెప్పారు కూడా. అయినా బొమ్మ చూసినవాళ్ల డిజైన్లలో స్ట్రాలు చూడనివాళ్ల కంటే చాలా ఎక్కువగా కనిపించాయి. వద్దన్నదే చేతిలోంచి వచ్చింది. చూసిన ఉదాహరణ నుంచి తప్పుకోవడం అంత కష్టం. ఏ పనైనా మొదలుపెట్టగానే ఇంటర్నెట్‌లో నమూనాలు వెతికే అలవాటున్నవాళ్లు దీని గురించి కాస్త ఆలోచించాలి. ముందు ఖాళీ కాగితం మీద తమకు తోచింది గీసుకుని, ఆ తర్వాత నమూనాలు చూడటం మేలు.

పక్కకు జరగడం నిజంగా పనిచేస్తుందా అన్నదాని మీద పరిశోధనలు చాలానే జరిగాయి. అలాంటివి 117 కలిపి చూసిన ఒక విశ్లేషణ 2009లో వచ్చింది. మొత్తం మీద విరామం ఉపయోగపడుతుందనే తేలింది. అందులో రెండు సంగతులు మరీ ముఖ్యమైనవి. విరామానికి ముందు సమస్య మీద ఎక్కువసేపు పనిచేసినవాళ్లకు ఎక్కువ లాభం కనిపించింది. మాటలతో ముడిపడిన సమస్యల్లో, విరామంలో ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే, బుర్రకు పెద్ద భారం లేని తేలికైన పని చేయడం మేలనిపించింది. బట్టలు మడతపెట్టడం, గిన్నెలు కడగడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటి పనుల్లో ఊహలు ఎందుకు తడతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. చేతులు తీరిక లేకుండా ఉంటాయి, మనసు స్వేచ్ఛగా తిరుగుతుంది.

నడక సంగతి మరీ తేటగా ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్స్ చేసిన ప్రయోగాలు 2014లో అచ్చయ్యాయి. మామూలు వస్తువులకు కొత్త ఉపయోగాలు చెప్పమని అడిగితే, నడుస్తున్నప్పుడు కూర్చున్నప్పటి కంటే సృజనాత్మక జవాబులు సగటున 60 శాతం దాకా పెరిగాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా లాభం కనిపించింది కనుక ఇది కేవలం పచ్చని చెట్ల మహిమ అనడానికి లేదు. ఒకే ఒక్క సరైన జవాబు ఉండే ప్రశ్నలకు మాత్రం నడక అక్కరకు రాలేదు, పైగా కొద్దిగా వెనకబడ్డారు. కనుక దారులు వెతికేటప్పుడు నడవాలి, లెక్క తేల్చేటప్పుడు కూర్చోవాలి.

నిద్రకూ మెలకువకూ మధ్య ఉండే సన్నని అంచు ఇంకా ఆసక్తికరమైనది. పారిస్ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, లోపల ఒక దగ్గరిదారి దాగి ఉన్న లెక్కలు ఇచ్చి, మధ్యలో 20 నిమిషాలు చీకటి గదిలో కుర్చీలో వాలి విశ్రాంతి తీసుకోమన్నారు. చేతిలో ఒక వస్తువు పెట్టారు, గాఢనిద్ర పడితే అది జారి పడిన చప్పుడుకు మెలకువ వస్తుంది. నిద్ర తొలి దశలో కనీసం 15 సెకన్లు గడిపినవాళ్లలో 83 శాతం మంది ఆ దగ్గరిదారి కనిపెట్టారు. మెలకువగానే ఉన్నవాళ్లలో 30 శాతం. ఇంకాస్త లోతైన నిద్రలోకి జారినవాళ్లలో 14 శాతమే. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోయిందనలేం. కానీ కునుకు పడుతున్న ఆ కొద్ది క్షణాల్లో ఆలోచనల కట్టు సడలుతుందన్నది అందరి అనుభవంలోనూ ఉన్నదే.

పని లేనప్పుడు మెదడు ఆగిపోదని మెదడు స్కానింగ్ పరిశోధనలూ చెబుతున్నాయి. దృష్టి దేనిమీదా లేనప్పుడే చురుకయ్యే ప్రాంతాల వల ఒకటి ఉంటుందని 2001 నుంచి శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. పాత జ్ఞాపకాలు తిరగేయడం, రేపటిని ఊహించుకోవడం దాని పనులు. ఈ ఖాళీ సమయాల్లోకే ఇప్పుడు ఫోన్ వచ్చి కూర్చుంది. లిఫ్ట్ కోసం నిలబడ్డ అర నిమిషం, క్యూలో ఉన్న ఐదు నిమిషాలు, నిద్రకు ముందు పావుగంట. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నప్పుడు మాటిమాటికీ మూత తీసినట్టే ఇది. రోజులో ఒక్క నడకైనా చేతిలో ఏమీ లేకుండా, చెవిలో ఏమీ లేకుండా నడవడం ఈ కాలంలో నిజంగా ఒక సాధనే.

గట్లు ఉంటేనే

స్వేచ్ఛ ఎంత ఎక్కువుంటే ఊహలు అంత బాగా వస్తాయనుకుంటాం. ‘ఏదైనా రాయండి’ అని తెల్లకాగితం ఇస్తే మాత్రం కలం కదలదు. ఛందస్సులో రాసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. పదో అక్షరం మొదటి అక్షరంతో యతి కుదరాలి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస కలవాలి. కవికి ముందుగా నోటికొచ్చిన మాట పదో చోట ఇమడదు. పాదం ‘చ’తో మొదలైతే ‘చ’కారానికి యతి కుదిరే మాట కావాలి, గురు లఘువులు సరిపోవాలి, అర్థం చెడకూడదు. అప్పుడు మనసు మామూలుగా వెళ్లని మూలలకు వెళుతుంది. ఎప్పుడో చదివి మరిచిపోయిన మాట పైకి వస్తుంది. ఆ మాటతోపాటు కవి అంతకుముందు అనుకోని కొత్త భావం కూడా వచ్చి చేరుతుంది. నియమం తన మొదటి ఆలోచనను ఒప్పుకోకపోవడం వల్లే రెండో ఆలోచన పుట్టింది. మొదటి ఆలోచన సాధారణంగా అందరికీ తట్టేదే.

వేరే రంగాల్లోనూ ఈ గట్లు కట్టుకోవచ్చు. మూడు రంగులతోనే బొమ్మ వేయడం, ఒక గదిలోనే కథంతా నడపడం, పది నిమిషాల్లో పాఠం చెప్పాల్సి వస్తే ఏం చెబుతామో చూసుకోవడం. ‘ఏదైనా కొత్తగా చేయాలి’ అన్న కోరికకు ఆకారం లేదు, దానికి జవాబు తట్టదు. గట్టు పడ్డాక అది ప్రశ్న అవుతుంది.

చాలా రావాలి, అందులో కొన్ని నిలవాలి

మంచి ఆలోచనలు వచ్చేవాళ్లకు చెడ్డ ఆలోచనలూ బాగా వస్తాయి. శాస్త్రవేత్తలు, రచయితలు, సంగీతకారుల జీవితాలను లెక్కలతో పరిశీలించిన డీన్ సైమంటన్ గమనించింది ఇదే. ఎక్కువ పని చేసిన కాలంలోనే మేలైన పనీ ఎక్కువగా వచ్చింది, తేలిపోయిన పనీ ఎక్కువగా వచ్చింది. అందుకే తొలి ఊహ రాగానే దాని తప్పులు వెతకడం మొదలుపెట్టేవాళ్లు నష్టపోతారు. పిలిచే వేళ వేరు, తూకం వేసే వేళ వేరు. రెండూ ఒకే గంటలో పెట్టుకుంటే తూకమే గెలుస్తుంది.

నలుగురూ కూర్చుని ఐడియాలు చెప్పుకునే ‘బ్రెయిన్‌స్టార్మింగ్’ ఆఫీసుల్లో ఇప్పటికీ గొప్ప ఉపాయంగా చెలామణీలో ఉంది. కానీ 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో జరిపిన ప్రయోగం దీన్ని ప్రశ్నించింది. నలుగురు కలిసి కూర్చున్న బృందం కంటే, నలుగురు విడివిడిగా ఆలోచించి చివర్లో కలిపిన జాబితాలో దాదాపు రెండింతల వేర్వేరు ఊహలు వచ్చాయి. దీనికి ముఖ్య కారణం మొహమాటం కంటే వంతు కోసం ఎదురుచూడటమేనని 1987లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ల బుర్రలో తట్టింది చెప్పేలోపే జారిపోతుంది, లేదా దాన్ని పట్టుకుని కూర్చోవడంలో ఇంకోటి తట్టదు. కనుక ముందు ఎవరికి వాళ్లు పది నిమిషాలు మౌనంగా రాసుకుని, ఆ తర్వాత కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుంటే సమావేశం బాగుపడుతుంది. మాట్లాడుకోవడం అక్కర్లేదని దీని అర్థం కాదు. ఎదుటివారి ఊహకు తన ఊహ తగిలించే పని నలుగురిలోనే జరుగుతుంది.

రాత్రి మూడు గంటలకు

వచ్చిన ఊహను పట్టుకోకపోతే వచ్చినట్టు లెక్కే కాదు. శాస్త్రవేత్త ఒట్టో లోవీ కథ ఇక్కడ చెప్పాలి. నరాల నుంచి కండరాలకు సందేశం రసాయనం ద్వారా వెళుతుందేమోనన్న అనుమానం ఆయనకు 1903లోనే వచ్చింది. ఎలా రుజువు చేయాలో తెలియక వదిలేశాడు. 17 ఏళ్లు గడిచాయి. ఒక రాత్రి నిద్రలో ఏదో తట్టి మెలకువ వచ్చింది, చిన్న కాగితం ముక్క మీద గిలికి పడుకున్నాడు. తెల్లవారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. ముఖ్యమైనదేదో రాశానని మాత్రం తెలుసు. ఆ రోజంతా ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. మర్నాటి రాత్రి మూడు గంటలకు అదే ఊహ మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్మలేదు. లేచి నేరుగా ప్రయోగశాలకు వెళ్లాడు.

రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. ఒకదాని నరాన్ని ప్రేరేపిస్తే ఆ గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. దానిలోని ద్రవాన్ని తీసి, నరం తొలగించిన రెండో గుండెకు ఇచ్చాడు. రెండోదీ నెమ్మదించింది. సందేశం ద్రవంలో ఉందన్నమాట. 1921లో ఫలితం ప్రచురించాడు, 1936లో నోబెల్ అందుకున్నాడు. ఇది కూడా ఏళ్ల తర్వాత చెప్పిన కథే, పైన చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది. అయినా కునికిపాట్ల మధ్య రాసిన కాగితం పొద్దున చదవలేకపోవడం ఎవరికైనా జరిగే పనే.

రెండోరాత్రి అదృష్టం అందరికీ దొరకదు. పూర్తి వాక్యాల్లో, మర్నాడు చదివేది ఎవరో తెలియని మనిషి అనుకుని రాసుకోవాలి. ‘నీళ్లు – తాడు – ఉల్టా’ అని రాస్తే రాత్రి అంతా అర్థమైనట్టే ఉంటుంది. నోట్‌బుక్కైనా, ఫోన్‌లో మాట రికార్డు చేసుకోవడమైనా ఫరవాలేదు, ఒకే చోట ఉంటే చాలు. వాటిని నెలకోసారి మళ్లీ చదివితే ఇంకా మంచిది. అప్పుడు సగం పనికిరానివని తేలుతుంది. విడివిడిగా రాసుకున్న రెండు మాత్రం పక్కపక్కన కనిపించి కలుస్తాయి.

పనికిరానివని తేల్చడం కూడా ఈ పనిలో భాగమే. తట్టిన క్షణంలో కలిగే గట్టి నమ్మకం ఆ ఊహ నిజమనడానికి రుజువు కాదు. ఈ మాట పాంకరే కూడా చెప్పాడు. నూటికి నూరుపాళ్లు సరైందని అనిపించిన ఊహలు కొన్నిసార్లు తనను మోసం చేశాయనీ, ముఖ్యంగా పొద్దున్నో రాత్రో పక్కమీద సగం నిద్రలో వచ్చినవి అలా చేసేవనీ ఒప్పుకున్నాడు. బస్సు మెట్టు మీద తోచినదాన్ని కూడా ఆయన అలాగే వదిలేయలేదు. యాత్ర ముగించుకుని కాన్‌కు తిరిగి వచ్చాక, తీరిగ్గా కూర్చుని, తన మనస్సాక్షి కోసం దాన్ని మొదటి నుంచీ సరిచూసుకున్నాడు.